ఆపరేటింగ్ సిస్టమ్ ఏం చేస్తుంది, ఎన్ని రకాలు? తరచుగా అడిగే ప్రశ్నలు

డిగ్రీ మొదటి ఏడాదిలో చేరినవారు, పిల్లల చదువు కోసం కొత్తగా ల్యాప్‌టాప్ కొన్నవారు, బడిలో కంప్యూటర్ గది బాధ్యత తమ మీద పడిన ఉపాధ్యాయులు అడిగే సందేహాలు ఏటా దాదాపు ఇవే ఉంటున్నాయి. వాటిని అడిగినవారి మాటల్లోనే ఉంచి, సమాధానాలు ఒకచోట చేర్చాము. ఏ ప్రశ్న దగ్గర మొదలుపెట్టినా దాని సమాధానం దానికదే అర్థమయ్యేలా రాశాము.

## మొదట్లో వచ్చే సందేహాలు

ఆపరేటింగ్ సిస్టమ్ అంటే సులువుగా అర్థమయ్యేలా చెప్పగలరా?

ప్రాసెసర్, మెమరీ, డిస్క్, తెర, కీబోర్డు వంటి భాగాలన్నిటినీ తన అధీనంలో ఉంచుకుని, మనం నడిపే ప్రోగ్రాములకు వాటిని పంచిపెట్టే మూల సాఫ్ట్‌వేరే ఆపరేటింగ్ సిస్టమ్. ఒక చెరువు కింద యాభైమంది రైతుల మళ్లు ఉన్న ఊళ్లో తూము దగ్గర నీరటి చేసే పనిని గుర్తు తెచ్చుకోండి. ఏ మడికి ఎంతసేపు నీరు పారాలో, ఎప్పుడు కట్ట వేసి పక్క కాలువకు మళ్లించాలో అతను చూసుకుంటాడు. ఎవరికి వారు తూము ఎత్తుకుంటే చివరి మడికి చుక్క నీరు అందదు. కంప్యూటర్‌లో ప్రోగ్రాముల పరిస్థితి కూడా అంతే. పంచడం, ఒకరి వాటా జోలికి మరొకరు రాకుండా కాపాడడం, యంత్రపు చిక్కులను కనబడనీయకుండా తేలికైన రూపంలో అందించడం అనే మూడు పనులు ఆపరేటింగ్ సిస్టమ్‌వి. అది చేసే తక్కినవన్నీ ఈ మూడింటిలో ఏదో ఒకదాని కిందికి వస్తాయి.

అది లేకుండా కంప్యూటర్ అసలు పనిచేయదా?

పనిచేస్తుంది. తొలి కంప్యూటర్లకు ఆపరేటింగ్ సిస్టమ్ ఉండేది కాదు. ప్రోగ్రాము రాసినవారు యంత్రాన్ని గంటల లెక్కన కేటాయింపు చేయించుకుని, తమ ప్రోగ్రామును తామే ఎక్కించి, పని అయ్యాక తామే తీసేసేవారు. కోట్ల ఖరీదు చేసే యంత్రం ఆ ఎక్కించడానికీ దించడానికీ మధ్య ఖాళీగా ఉండిపోయేది. ఆ వృథాను తగ్గించడానికి 1956లో అమెరికాలోని జనరల్ మోటార్స్, నార్త్ అమెరికన్ ఏవియేషన్ సంస్థలు ఐబీఎమ్ 704 యంత్రం కోసం ఒక ప్రోగ్రామును రాసుకున్నాయి. ఒక పని పూర్తికాగానే తర్వాతి పనిని తనంతట తానే మొదలుపెట్టించే ఆ ప్రోగ్రామును తొలి ఆపరేటింగ్ సిస్టమ్‌లలో ఒకటిగా లెక్కిస్తారు. ఈనాటికీ సాదా బొమ్మల్లో, రిమోట్ కంట్రోళ్లలో ఉండే చిన్న చిప్‌లు ఒకే ప్రోగ్రాముతో, ఆపరేటింగ్ సిస్టమ్ లేకుండానే నడుస్తాయి. పంచుకోవలసిన అవసరం లేనిచోట పంచేవాడి అవసరమూ ఉండదు.

విండోస్, ఎంఎస్ ఆఫీస్ రెండూ ఒకటేనా?

కావు. విండోస్ ఆపరేటింగ్ సిస్టమ్. ఎంఎస్ ఆఫీస్ దాని మీద నడిచే అప్లికేషన్. రెండూ ఒకే సంస్థవి కావడం, దుకాణాల్లో రెంటినీ కలిపి ఎక్కించి ఇవ్వడం వల్ల ఈ అయోమయం వస్తోంది. ఆఫీస్‌ను తీసేసినా కంప్యూటర్ మామూలుగా తెరుచుకుంటుంది, విండోస్‌ను తీసేస్తే ఆఫీస్ నిలబడడానికి ఆధారమే ఉండదు.

ఆన్ బటన్ నొక్కిన తర్వాత తెర వచ్చేదాకా లోపల ఏం జరుగుతుంది?

కరెంటు పోగానే తాత్కాలిక మెమరీ అయిన ర్యామ్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది కాబట్టి, ఆన్ చేసినప్పుడు అందులో ఆపరేటింగ్ సిస్టమ్ ఉండదు. అందుకే మదర్‌బోర్డు మీది ఒక చిప్‌లో శాశ్వతంగా ఉండే చిన్న ప్రోగ్రాము ముందుగా లేస్తుంది. పాత యంత్రాల్లో దాన్ని బయోస్ అని, కొత్తవాటిలో యూఈఎఫ్ఐ అని అంటారు. అది మెమరీ, కీబోర్డు, డిస్క్ సరిగా ఉన్నాయో లేదో పరీక్షించి, డిస్క్‌లో బూట్ లోడర్ అనే మరో చిన్న ప్రోగ్రామును వెతికి దానికి పని అప్పగిస్తుంది. బూట్ లోడర్ ఆపరేటింగ్ సిస్టమ్ అంతర్భాగమైన కెర్నల్‌ను డిస్క్ నుంచి ర్యామ్‌లోకి తెస్తుంది. కెర్నల్ పరికరాలను గుర్తించి, మొదటి ప్రాసెస్‌ను, అంటే నడిచే ప్రోగ్రామును ప్రారంభిస్తుంది. అక్కడి నుంచి ఒకదాని వెనుక ఒకటిగా మిగతావన్నీ లేచి, చివరికి మీకు పాస్‌వర్డ్ అడిగే తెర కనిపిస్తుంది. పాత హార్డ్‌డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ అనే వేగమైన డిస్క్ వేయిస్తే కంప్యూటర్ త్వరగా తెరుచుకోవడానికి కారణం, ఈ వరుసలో ఎక్కువ సమయం డిస్క్ నుంచి చదవడానికే పట్టడం.

కెర్నల్ అంటే ఏమిటి? లినక్స్ కెర్నలా, ఆపరేటింగ్ సిస్టమా?

ఆపరేటింగ్ సిస్టమ్‌లో యంత్రంతో నేరుగా మాట్లాడే అంతర్భాగం కెర్నల్. మనకు కనిపించే డెస్క్‌టాప్, మెనూలు, ఫైళ్లు చూపించే కిటికీలు దాని చుట్టూ కట్టిన పైభాగం. కచ్చితంగా చెప్పాలంటే లినక్స్ అనేది కెర్నల్ పేరు మాత్రమే. దానికి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ రాసే గ్నూ ప్రాజెక్టు ఉపకరణాలు, డెస్క్‌టాప్, ఇతర ప్రోగ్రాములు చేర్చి ఉబుంటు, డెబియన్, ఫెడోరా వంటి పేర్లతో విడుదల చేసే పూర్తి కూర్పులను డిస్ట్రిబ్యూషన్లు అంటారు. వాడుకలో మొత్తాన్నీ లినక్స్ అనేస్తున్నారు, ఆ వాడుకను తప్పుపట్టనక్కరలేదు.

## లోపల జరిగే పని గురించి

ఒక్క ప్రాసెసర్ పాట వినిపిస్తూ, డౌన్‌లోడ్ చేస్తూ, టైపు చేయనిస్తూ ఎలా నెట్టుకొస్తోంది?

ప్రాసెసర్‌లో పని చేసే విభాగాన్ని కోర్ అంటారు. ఒక కోర్ ఏ క్షణంలోనైనా ఒక పనినే చేస్తుంది. ఆపరేటింగ్ సిస్టమ్ చేసే ఏర్పాటు ఏమిటంటే, ప్రతి ప్రాసెస్‌కూ సెకనులో కొన్ని వెయ్యోవంతుల సమయం మాత్రమే ఇచ్చి, ఆ గడువు తీరగానే దాన్ని పక్కకు జరిపి మరొకదానికి అవకాశం ఇస్తుంది. గడువు తీరిందన్న సంగతి యంత్రంలోని టైమర్ తెలియజేస్తుంది. పక్కకు జరిపే ముందు ఆ ప్రాసెస్ ఎక్కడ ఆగిందో, అప్పటికి దాని చేతిలో ఏ విలువలు ఉన్నాయో జాగ్రత్తగా రాసి పెట్టుకుంటుంది. మళ్లీ వంతు వచ్చినప్పుడు ఆ ప్రాసెస్ తాను ఆగానన్న సంగతే తెలియనట్టు అక్కడి నుంచే సాగిపోతుంది. ఈ మార్పులు సెకనుకు వందలసార్లు జరుగుతాయి కాబట్టి మన కంటికీ చెవికీ అన్నీ ఒకేసారి జరుగుతున్నట్టు అనిపిస్తుంది. ఇప్పటి ప్రాసెసర్లలో నాలుగు, ఎనిమిది కోర్లు ఉంటున్నందున ఎన్ని కోర్లు ఉంటే అన్ని పనులు నిజంగానే ఏకకాలంలో సాగుతాయి. కానీ నడుస్తున్న ప్రాసెస్‌లు వందల్లో ఉంటాయి కనుక వంతులు వేయడం తప్పదు.

ప్రోగ్రాముకూ ప్రాసెస్‌కూ తేడా ఏమిటి?

నాటకం రాతప్రతికీ ప్రదర్శనకూ ఉన్నంత తేడా. ఒకే నాటకాన్ని ఒకే రాత్రి మూడు ఊళ్లలో ఆడవచ్చు. రాతప్రతి ఒకటే, ప్రదర్శనలు మూడు. డిస్క్‌లో కదలకుండా పడి ఉన్నది ప్రోగ్రాము. దాన్ని మెమరీలోకి తెచ్చి నడపడం మొదలుపెడితే అది ప్రాసెస్.

ర్యామ్ 4 జీబీనే ఉంది, అయినా అంతకు మించిన ప్రోగ్రాములు ఎలా నడుస్తున్నాయి?

వర్చువల్ మెమరీ అనే ఏర్పాటు వల్ల. ప్రతి ప్రాసెస్‌కూ మెమరీ అంతా తనదే అన్నట్టు సొంత చిరునామాల వరుసను ఆపరేటింగ్ సిస్టమ్ ఇస్తుంది. ఆ వరుసను పేజీలుగా, సాధారణంగా 4 కిలోబైట్ల ముక్కలుగా విడగొట్టి, ఏ పేజీ నిజమైన ర్యామ్‌లో ఎక్కడుందో ఒక పట్టికలో రాసుకుంటుంది. ర్యామ్ చాలనప్పుడు కొంతసేపటిగా ఎవరూ ముట్టుకోని పేజీలను డిస్క్ మీదికి తరలించి, అవసరమైనప్పుడు వెనక్కి తెస్తుంది. డిస్క్ ర్యామ్ కంటే ఎన్నో రెట్లు నెమ్మది కాబట్టి ఈ రాకపోకలు మితంగా ఉన్నంతవరకే సుఖం. మితిమీరితే యంత్రం అసలు పని మానేసి పేజీలు మోయడంతోనే సరిపెట్టుకుంటుంది. బ్రౌజర్‌లో ముప్పై ట్యాబులు తెరిచినప్పుడు మౌస్ కూడా కదలకపోవడానికి తరచుగా కారణం ఇదే. అలాంటి కంప్యూటర్‌కు కొత్త ప్రాసెసర్ కంటే మరో 4 జీబీ ర్యామ్ ఎక్కువ మేలు చేస్తుంది.

ఒక్కోసారి ఒక ప్రోగ్రామే ఆగిపోతుంది, ఒక్కోసారి మొత్తం నీలి తెర వస్తుంది. ఎందుకని?

ప్రాసెసర్‌లో కనీసం రెండు స్థాయిల అధికారం ఉంటుంది. మామూలు ప్రోగ్రాములు యూజర్ మోడ్‌లో, అంటే తక్కువ అధికారంతో నడుస్తాయి. డిస్క్‌నుగానీ ఇతర ప్రాసెస్‌ల మెమరీనిగానీ అవి నేరుగా తాకలేవు. ఒక ఫైల్ తెరవాలన్నా సిస్టమ్ కాల్ అనే పద్ధతిలో కెర్నల్‌కు విన్నవించుకోవలసిందే. కాబట్టి అలాంటి ప్రోగ్రాము తప్పు చేస్తే కెర్నల్ దాన్ని ఒక్కదాన్నే ఆపేస్తుంది. కెర్నల్, దానితోపాటు పరికరాలను నడిపించే చాలా డ్రైవర్లు పూర్తి అధికారంతో కెర్నల్ మోడ్‌లో నడుస్తాయి. అక్కడ తప్పు జరిగితే సరిదిద్దడానికి పైన మరొకరు ఉండరు. డేటా పాడుకాకుండా యంత్రాన్ని ఆపడం ఒక్కటే మార్గం. ఆ ఆగడమే విండోస్‌లో నీలి తెర; 2025 నుంచి విండోస్ 11 కొత్త కూర్పుల్లో అది నల్లగా వస్తోంది.

ఇది ఎంత పెద్ద విషయమో 2024 జులై 19న లోకమంతా చూసింది. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన లోపభూయిష్టమైన అప్‌డేట్‌ను, కెర్నల్ మోడ్‌లో నడిచే దాని సాఫ్ట్‌వేర్ చదవబోయి కూలిపోయింది. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం దాదాపు 85 లక్షల విండోస్ యంత్రాలు ఆగిపోయాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇవ్వవలసి వచ్చింది. కెర్నల్‌లోకి ఎవరిని రానివ్వాలన్నది ఆపరేటింగ్ సిస్టమ్ రూపకర్తలు తీసుకునే నిర్ణయాలన్నిటిలోకీ బరువైనదని మా అభిప్రాయం.

డ్రైవర్ అంటే ఏమిటి?

ఒక పరికరం భాషను కెర్నల్‌కు అనువదించి చెప్పే ప్రోగ్రాము. ప్రింటర్ల తయారీదారులు ఎందరో, నమూనాలు వేలకొద్దీ ఉంటాయి. వాటన్నిటి సంగతీ ప్రతి అప్లికేషన్ నేర్చుకోనక్కరలేకుండా, ముద్రించమని అడిగితే చాలన్నట్టు చేసేది డ్రైవరే. విండోస్ మార్చిన తర్వాత పాత స్కానర్ పనిచేయకపోతే పరికరం చెడిపోయిందని పారేయకండి. చాలాసార్లు కొత్త కూర్పుకు తగిన డ్రైవర్ లేకపోవడమే కారణం.

పెన్‌డ్రైవ్‌లో 20 జీబీ ఖాళీ ఉంది, 5 జీబీ వీడియో మాత్రం కాపీ కావడం లేదు. ఎందుకు?

ఆ పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే ఫైల్ సిస్టమ్‌లో ఉండి ఉంటుంది. డిస్క్ మీద ఫైళ్ల పేర్లు, పరిమాణాలు, అవి ఉన్న చోట్లు ఎలా రాసుకోవాలో చెప్పే పద్ధతిని ఫైల్ సిస్టమ్ అంటారు. ఫ్యాట్32లో ఒక ఫైల్ పరిమాణం రాయడానికి కేటాయించిన గడి 32 బిట్లదే. అందులో పట్టే అంకె 4 జీబీ లోపే ఉండాలి కాబట్టి అంతకంటే పెద్ద ఫైల్‌ను అది నమోదు చేసుకోలేదు. పెన్‌డ్రైవ్‌లో ఉన్నవి వేరేచోట భద్రపరచుకుని, ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ చేస్తే సమస్య తీరుతుంది.

డిలీట్ చేసిన ఫైల్ నిజంగా పోయినట్టేనా?

వెంటనే పోదు. సాధారణంగా ఆపరేటింగ్ సిస్టమ్ తన పట్టికలో ఆ ఫైల్ పేరు కొట్టేసి, అది ఉన్న చోటును ఖాళీగా గుర్తు పెట్టుకుంటుంది. కొత్త డేటా వచ్చి ఆ చోటును కప్పేదాకా పాతది అక్కడే ఉంటుంది. పొరపాటున పెళ్లి ఫోటోలు పోగొట్టుకున్నవారికి ఇది ఊరట. వెంటనే ఆ డిస్క్‌లో ఏమీ రాయకుండా ఆపితే తిరిగి తెచ్చుకునే అవకాశం ఉంటుంది. ఎస్ఎస్‌డీలలో మాత్రం ఖాళీ అయిన చోట్లను డిస్కే త్వరగా శుభ్రం చేసుకుంటుంది కాబట్టి ఆ ఆశ తక్కువ. పాత కంప్యూటర్ అమ్మేవారికి ఇదే విషయం హెచ్చరిక: డిలీట్ చేసి అమ్మితే చాలదు, డిస్క్‌ను పూర్తిగా చెరిపే సదుపాయాన్ని వాడాలి.

## రకాల గురించి

పరీక్షలో రకాలు ఐదని రాయాలా, ఏడని రాయాలా?

ఒక్కో పుస్తకం ఒక్కో సంఖ్య చెబుతుంది, ఏ సంఖ్యా శాసనం కాదు. రకాలు విడగొట్టే కొలబద్ద మారితే జాబితా మారుతుంది. పనులను ఎలా స్వీకరిస్తుందన్నది కొలబద్ద అయితే బ్యాచ్, టైమ్ షేరింగ్, రియల్ టైమ్ అనే విభజన వస్తుంది. ఎందరు వాడతారన్నది చూస్తే ఏకవినియోగి, బహువినియోగి. ఏ యంత్రం మీద అన్నది చూస్తే డెస్క్‌టాప్, సర్వర్, మొబైల్, ఇతర యంత్రాల్లో ఇమిడి ఉండే ఎంబెడెడ్. ఒకే వ్యవస్థ అనేక గళ్లలో పడుతుంది: లినక్స్ బహువినియోగి, బహుకార్య వ్యవస్థ, సర్వర్లలోనూ ఫోన్లలోనూ ఉంటుంది. విద్యార్థులు తమ పాఠ్యపుస్తకంలోని జాబితానే రాసి, ప్రతి రకానికీ అది ఏ సమస్యను తీర్చడానికి వచ్చిందో ఒక వాక్యం చేర్చితే సమాధానానికి బలం వస్తుంది.

బ్యాచ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఇప్పుడు ఎక్కడైనా ఉందా?

పంచ్‌కార్డుల కట్టలు కౌంటర్‌లో ఇచ్చి మర్నాడు ఫలితాల కాగితాలు తెచ్చుకునే నాటి రూపంలో లేదు. ఒక్క కామా తప్పిపోయినా రోజంతా వృథా అయ్యే కాలమది. కానీ పనులను పోగుచేసి, మనిషి జోక్యం లేకుండా వరుసగా పూర్తిచేయడమనే పద్ధతి సజీవంగానే ఉంది. బ్యాంకులు రాత్రివేళ వడ్డీలు లెక్కకట్టడం, సంస్థలు నెలాఖరున వేలమంది జీతాల లెక్కలు తేల్చడం ఈ తరహా పనులే.

మల్టీప్రోగ్రామింగ్, టైమ్ షేరింగ్ రెండూ ఒకేలా అనిపిస్తున్నాయి. తేడా ఎక్కడ?

ఉద్దేశంలో. మల్టీప్రోగ్రామింగ్ యంత్రం ఖాళీగా ఉండకూడదని పుట్టింది: ఒక ప్రోగ్రాము టేపు కోసం ఎదురుచూస్తుంటే ప్రాసెసర్‌ను మరో ప్రోగ్రాముకు ఇస్తుంది. టైమ్ షేరింగ్ మనిషి ఎదురుచూడకూడదని పుట్టింది: ఎవరూ ఎదురుచూడకపోయినా గడువు తీరగానే వంతు మారుస్తుంది, అందువల్ల టెర్మినళ్ల ముందు కూర్చున్న అందరికీ వెంటవెంటనే జవాబు అందుతుంది. 1961లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో ఫెర్నాండో కార్బాటో బృందం ప్రదర్శించిన సీటీఎస్ఎస్ ఈ పద్ధతికి తొలి నమూనాల్లో ఒకటి. ఒకే యంత్రాన్ని పలువురు వాడేటప్పుడు ఎవరి ఫైళ్లు వారికే దక్కాలి కనుక కంప్యూటర్‌లో పాస్‌వర్డ్ వాడకం కూడా అక్కడే మొదలైంది.

రియల్ టైమ్ అంటే చాలా వేగంగా పనిచేసేదనే కదా?

ఇది అందరూ పొరబడే చోటు. రియల్ టైమ్ అంటే చెప్పిన గడువులోగా పని తప్పక పూర్తవుతుందన్న హామీ. కారు గుద్దుకున్నప్పుడు ఎయిర్‌బ్యాగు తెరుచుకోవడానికి సెకనులో కొన్ని వెయ్యోవంతుల గడువే ఉంటుంది. సగటున వేగంగా ఉండి, వెయ్యిసార్లలో ఒకసారి ఆలస్యమయ్యే వ్యవస్థ అక్కడ పనికిరాదు. గడువు తప్పితే ప్రమాదమయ్యేవాటిని హార్డ్ రియల్ టైమ్ అని, వీడియో కాల్‌లా కొంచెం తడబడినా సర్దుకుపోగలిగేవాటిని సాఫ్ట్ రియల్ టైమ్ అని అంటారు. వీఎక్స్‌వర్క్స్, క్యూఎన్ఎక్స్, ఫ్రీఆర్‌టీఓఎస్ ఈ రంగంలో పేరున్నవి.

వంతుల విషయంలో ఎంత సూక్ష్మమైన పొరపాటు జరగవచ్చో చెప్పడానికి మార్స్ పాత్‌ఫైండర్ ఉదంతాన్ని మించింది లేదు. 1997 జులై 4న అంగారకుడి మీద దిగిన ఆ నౌకలో వీఎక్స్‌వర్క్స్ నడిచేది. కొన్ని రోజులకు అది పదేపదే తనంతట తానే రీసెట్ కావడం మొదలుపెట్టింది. వాతావరణ వివరాలు సేకరించే అల్ప ప్రాధాన్యపు పని ఒక ఉమ్మడి తాళాన్ని (ఒకేసారి ఒక పనికే దక్కే హక్కును) పట్టుకుని ఉన్న సమయంలో, మధ్యస్థ ప్రాధాన్యం గల పని వచ్చి దాన్ని పక్కకు నెట్టేది. ఆ తాళం కోసం ఎదురుచూస్తున్న అత్యధిక ప్రాధాన్యపు పనికి గడువు దాటిపోయేది. అది చూసి కాపలా టైమర్ మొత్తం వ్యవస్థను మళ్లీ మొదలుపెట్టించేది. ఇంజనీర్లు భూమి మీద అదే లోపాన్ని పునఃసృష్టించి, తాళం పట్టుకున్న పనికి దాని కోసం ఎదురుచూస్తున్న పని ప్రాధాన్యాన్ని తాత్కాలికంగా ఇచ్చే సదుపాయాన్ని అంత దూరం నుంచే ఆన్ చేశారు. ఆ తర్వాత నౌక చక్కగా పనిచేసింది.

నెట్‌వర్క్ ఆపరేటింగ్ సిస్టమ్, డిస్ట్రిబ్యూటెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ వేర్వేరా?

వేర్వేరే. నెట్‌వర్క్ వ్యవస్థలో ప్రతి కంప్యూటర్‌కూ సొంత ఆపరేటింగ్ సిస్టమ్ ఉంటుంది. ఫలానా సర్వర్‌లోని ఫలానా ఫోల్డర్ అని వాడేవారికి తెలుస్తుంది. డిస్ట్రిబ్యూటెడ్ వ్యవస్థలో అనేక యంత్రాలు కలిసి ఒకే యంత్రంలా కనిపిస్తాయి, పని ఎక్కడ జరిగిందో వాడేవారికి తెలియనక్కరలేదు. ఆమ్‌స్టర్‌డామ్‌లో రూపొందిన అమీబా అటువంటిది. శుద్ధమైన డిస్ట్రిబ్యూటెడ్ ఆపరేటింగ్ సిస్టమ్‌లు బయట అరుదు; నేడు ఆ పనిని ఎక్కువగా లినక్స్ మీద నడిచే క్లౌడ్ సాఫ్ట్‌వేర్ చేస్తోంది.

యునిక్స్, లినక్స్, మ్యాక్ ఒకే కుటుంబమా?

అవును, కానీ బంధుత్వం ఒకే తీరుగా లేదు. 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ యునిక్స్‌ను మొదలుపెట్టారు. 1973లో దాన్ని సీ అనే ప్రోగ్రామింగ్ భాషలో తిరగరాయడంతో ఒక యంత్రం నుంచి మరో యంత్రానికి తీసుకెళ్లడం తేలికైంది. ఆపిల్ మ్యాక్ ఓఎస్ ఈ యునిక్స్ వంశంలోని బీఎస్‌డీ శాఖ నుంచి చాలా భాగాన్ని నేరుగా అందిపుచ్చుకుంది. లినక్స్ మాత్రం యునిక్స్ నుంచి ఒక్క పంక్తి తీసుకోకుండా దాని తీరును అనుసరించి కొత్తగా రాసినది. 1991 ఆగస్టు 25న హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ దాన్ని ప్రకటించేనాటికి అతని వయసు 21 ఏళ్లు. 2017 నవంబరు జాబితా నుంచి ప్రపంచంలోని 500 అత్యంత శక్తిమంతమైన సూపర్ కంప్యూటర్లన్నీ లినక్స్ మీదే నడుస్తున్నాయి.

ఫోన్‌లో ఉన్నది కూడా ఆపరేటింగ్ సిస్టమేనా?

నిస్సందేహంగా. 2008లో ఫోన్లలోకి వచ్చిన ఆండ్రాయిడ్‌కు లినక్స్ కెర్నలే పునాది. 2007లో ఐఫోన్‌తో వచ్చిన ఐఓఎస్‌కు పునాది మ్యాక్‌దే. డెస్క్‌టాప్‌తో పోలిస్తే రెండు తేడాలు ముఖ్యమైనవి. బ్యాటరీని ఆదా చేయడం కోసం వెనుక ఉండే యాప్‌లను ఫోన్ నిర్దాక్షిణ్యంగా ఆపేస్తుంది. రెండోది, ఆండ్రాయిడ్ ఒక్కో యాప్‌ను ఒక్కో వేరే వినియోగదారుగా పరిగణించి ఒకదాని ఫైళ్లు మరొకటి చూడకుండా గోడ కడుతుంది. కెమెరా, కాంటాక్టులు కావాలంటే మీ అనుమతి అడగక తప్పదు. టార్చిలైట్ యాప్ మీ కాంటాక్టులు అడిగితే ఇవ్వకండి. ఆ గోడ మీ కోసమే ఉంది.

## ఎంచుకునేటప్పుడు

32 బిట్, 64 బిట్ అని అడుగుతున్నారు. ఏది వేయించాలి?

ప్రాసెసర్ 64 బిట్ అయితే 64 బిట్‌దే. 32 బిట్లతో రాయగల చిరునామాలు దాదాపు 429 కోట్లు, అంటే 4 జీబీ. అంతకు మించిన ర్యామ్‌ను మామూలు 32 బిట్ విండోస్ వాడుకోలేదు. విండోస్ 11 ఎలాగూ 64 బిట్‌లోనే వస్తుంది.

విండోస్ 10కు మద్దతు ఆగిపోయిందట. పాత ల్యాప్‌టాప్ పారేయాలా?

పారేయనక్కరలేదు. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. కంప్యూటర్ యథాప్రకారం తెరుచుకుంటుంది, కానీ కొత్తగా బయటపడే భద్రతా లోపాలకు సవరణలు రావు. ఇళ్లలో వాడేవారు నమోదు చేసుకుంటే భద్రతా సవరణలు 2026 అక్టోబరు 13 వరకు అందేలా మైక్రోసాఫ్ట్ ఒక పథకం పెట్టింది. విండోస్ 11కు కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్క్, టీపీఎమ్ 2.0 అనే భద్రతా సదుపాయం, ఆమోదిత జాబితాలోని ప్రాసెసర్ ఉండాలి. చాలా పాత యంత్రాలు ఈ చివరి రెండింటి దగ్గరే ఆగిపోతాయి. అలాంటివాటికి తేలికైన లినక్స్ డిస్ట్రిబ్యూషన్ వేసుకోవడం మా దృష్టిలో మంచి మార్గం.

లినక్స్ నాలాంటి మామూలు మనిషి వాడగలరా?

బ్రౌజర్, ఈమెయిల్, ఉత్తరాలు టైపు చేయడం, వీడియోలు చూడడం మీ అవసరాలైతే హాయిగా వాడవచ్చు. ముందుగా పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకుని, డిస్క్‌లో ఉన్నది ముట్టుకోకుండానే నడిపి చూసే వీలుంది. అయితే దాచకుండా చెప్పవలసిన ఇబ్బందులు ఉన్నాయి. ట్యాలీలో లెక్కలు రాసేవారు, పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో శుభలేఖలు, కరపత్రాలు చేసే డీటీపీ కేంద్రాలవారు తమ పనికి విండోస్ మీదే ఆధారపడి ఉన్నారు. అలాంటివారు జీవనాధారమైన యంత్రం మీద ప్రయోగాలు చేయకపోవడం మంచిది.

మన దేశంలో తయారైన ఆపరేటింగ్ సిస్టమ్ ఉందా?

ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీడ్యాక్ 2007లో విడుదల చేసిన బాస్, అంటే భారత్ ఆపరేటింగ్ సిస్టమ్ సొల్యూషన్స్, డెబియన్ లినక్స్ ఆధారంగా రూపొందింది. తెలుగుతో సహా భారతీయ భాషలకు మద్దతు ఇస్తుంది. 2023లో ఐఐటీ మద్రాస్ ప్రోత్సాహంతో ఫోన్ల కోసం భరోస్ వచ్చింది. అదే ఏడాది రక్షణ మంత్రిత్వ శాఖ ఉబుంటు ఆధారిత మాయాను తన కంప్యూటర్లలో ప్రవేశపెట్టే నిర్ణయం తీసుకుంది. ఇవేవీ కెర్నల్‌ను మొదటి నుంచి రాసినవి కావు. అది చిన్నతనమేమీ కాదు, ఆండ్రాయిడ్ కూడా లినక్స్ కెర్నల్ మీదే నిలిచింది. సోర్స్ కోడ్ చేతిలో ఉండి, దాన్ని చదివి మార్చుకోగల మనుషులు మన దగ్గర ఉండడం అసలు బలం.

తెలుగు అక్షరాలు ఒక కంప్యూటర్‌లో సరిగా, మరోదానిలో గజిబిజిగా ఎందుకు కనిపిస్తాయి?

అక్షరాన్ని తెర మీద చూపించే పని ఆపరేటింగ్ సిస్టమ్‌ది కాబట్టి. ప్రపంచ భాషల అక్షరాలకు సంకేతాలు ఇచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 128 స్థానాలు కేటాయించారు, కానీ మన వేలకొద్దీ గుణింతాలకూ ఒత్తులకూ విడివిడి స్థానాలు లేవు. క, పొల్లు, ష అనే మూడు సంకేతాలు వరుసగా వస్తే క్ష అని గీయవలసిన బాధ్యత ఆపరేటింగ్ సిస్టమ్‌లోని అక్షరాలు కూర్చే భాగానిది. విండోస్‌లో ఇది 2001లో ఎక్స్‌పీతో, గౌతమి ఫాంటుతో తెలుగుకు అందింది. అంతకుముందు నుంచి ఉన్న అను వంటి ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లోనే తెలుగు ముక్కలు దాచుకున్నాయి. ఆ ఫాంటు లేని యంత్రంలో అవి అర్థంలేని గుర్తులుగా కనిపిస్తాయి. మీరు దాచుకోవలసిన రచనలు ఏవైనా ఉంటే యూనికోడ్‌లోనే దాచండి. టైపు చేయడానికి ఇన్‌స్క్రిప్ట్ అమరిక అన్ని వ్యవస్థల్లోనూ ఉంది. పలికినట్టు కొట్టే ఫొనెటిక్ కీబోర్డు 2019 నుంచి విండోస్ 10తోనే వస్తోంది.

## రోజువారీ వాడకంలో

అప్‌డేట్‌లు విసిగిస్తున్నాయి. ఆపేయవచ్చా?

వాయిదా వేయండి, ఆపేయకండి. 2017 మార్చిలో మైక్రోసాఫ్ట్ విండోస్‌లోని ఒక లోపానికి సవరణ విడుదల చేసింది. రెండు నెలల తర్వాత మే 12న అదే లోపాన్ని ఆసరా చేసుకుని వాన్నక్రై అనే వైరస్ ప్రపంచమంతటా వ్యాపించి, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లూ దాని బారిన పడ్డాయి. ఆ సవరణ వేసుకున్న యంత్రాల్లోకి అది ఆ దారిన ప్రవేశించలేకపోయింది.

దుకాణంలో తక్కువ ధరకు క్రాక్ చేసిన విండోస్ వేస్తామంటున్నారు. నష్టమేమిటి?

చట్టం సంగతి అలా ఉంచినా, ఆపరేటింగ్ సిస్టమ్‌కు యంత్రం మీద సర్వాధికారాలు ఉంటాయి. దాన్ని ఎవరో తెలియనివారు సవరించి ఇస్తే, మీ బ్యాంకు పాస్‌వర్డుతో సహా అన్నీ వారి దయమీద ఉన్నట్టే. మాకు తెలిసిన ఒక ఇంట్లో అలా వేయించిన కంప్యూటర్‌లో యాంటీవైరస్‌ను ముందే ఆపేసి ఉంచిన సంగతి ఏడాది తర్వాత బయటపడింది. కొనలేని పరిస్థితి ఉంటే ఉచితంగా, చట్టబద్ధంగా దొరికే లినక్స్ ఉంది.

షట్‌డౌన్ చేయకుండా స్విచ్ తీసేస్తే ఏమవుతుంది?

ఆపరేటింగ్ సిస్టమ్ మీరు సేవ్ చేసినదాన్ని ప్రతిసారీ వెంటనే డిస్క్‌కు చేర్చదు. వేగం కోసం కొంతసేపు ర్యామ్‌లో పోగుచేసి, ఒక్కసారిగా రాస్తుంది. ఆ లోపు కరెంటు పోతే ఆ భాగం పోతుంది. పట్టిక రాస్తుండగా పోతే ఫైల్ సిస్టమే అస్తవ్యస్తం కావచ్చు. ఎన్‌టీఎఫ్ఎస్, ఈఎక్స్‌టీ4 వంటి ఫైల్ సిస్టమ్‌లు తాము చేయబోయే మార్పును ముందుగా ఒక చిట్టాలో రాసుకుంటాయి, తిరిగి ఆన్ చేసినప్పుడు ఆ చిట్టా చూసి సరిచేసుకుంటాయి. అవి కాపాడేది ప్రధానంగా పట్టికలనే. మీరు సగం టైపు చేసిన ఉత్తరాన్ని కాదు. పెన్‌డ్రైవ్‌ను ఎజెక్ట్ చేసి తీయమనడానికి కారణం కూడా ఈ పోగుచేసే అలవాటే. కరెంటు తరచుగా పోయే ఊళ్లలో డెస్క్‌టాప్‌కు యూపీఎస్ తప్పనిసరి. పది నిమిషాలు నిలబెట్టే చిన్నదైనా చాలు, తెరిచినవి సేవ్ చేసి షట్‌డౌన్ చేయడానికి ఆ సమయం సరిపోతుంది.